గోడ ఒక్కటే, చేతులు వేరు

(శతవార్షికోత్సవ సదస్సులో సాంఘిక సేవా సంఘము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవ దినములలో మన పితరులు కట్టిన దేవాలయములను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి పెద్దలు చక్కగా చెప్పారు. మాకు ఇచ్చిన అంశము "సాంఘిక న్యాయము కొరకు సంస్థల ఐక్య కృషి". ఈ మాట వినుటకు బాగుంటుంది. తీర్మానములో వ్రాయుటకు ఇంకా బాగుంటుంది. అయితే దానికి వెల ఉన్నది. ఆ వెల చెల్లించలేక మేము ఎక్కడ వెనుకకు వచ్చామో, ఎక్కడ చెల్లించి ఏమి పొందామో మీ ముందు దాచకుండా చెప్పవలెనని నిలిచాము.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును మనలో చాలామంది తొందరగా దాటిపోతారు. అందులో కథ లేదు, పేర్ల పట్టిక మాత్రమే ఉన్నది. అయినను కలిసి పనిచేయుటను గూర్చి ఇంత వివరముగా చెప్పిన అధ్యాయము మాకు మరొకటి కనబడలేదు. ప్రధాన యాజకుడు తన తోటి యాజకులతో కలిసి గొఱ్ఱెల గుమ్మము కట్టాడు. కంసాలులు ఒక భాగము, పరిమళ ద్రవ్యములు చేయువాడు ఒక భాగము, వర్తకులు ఒక భాగము బాగుచేశారు. షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి వచ్చాడు. కొందరు ఎవరి యింటి ఎదుటి గోడను వారు కట్టుకొన్నారు. తెకోవ ఊరివారు పనిలోకి దిగారు గాని, వారిలో ఘనులు మాత్రము మెడ వంచలేదు. పేర్లు వేరు, వృత్తులు వేరు, ఊళ్లు వేరు, గోడ ఒక్కటే. ఎవరి భాగము మీద వారు తమ బోర్డు తగిలించుకొన్నట్లు ఎక్కడను వ్రాయబడలేదు. యాబది రెండు దినములలో పని ముగిసినది.

మన చరిత్ర ఇందుకు కొంత భిన్నముగా నడిచినది. మిషనరీలు తెలుగు దేశమును పంచుకొని పనిచేశారు. కడప, గుత్తి వైపు లండను మిషను, నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికను బాప్టిస్టులు, గుంటూరు వైపు లూథరనులు, కృష్ణా వైపు చర్చి మిషనరీ సొసైటీవారు, మెదకు వైపు వెస్లియనులు. ఒకరి పొలములో ఒకరు దున్నకూడదని చేసికొన్న ఆ ఏర్పాటువలన కలహములు తగ్గినవి. కాని ఒక అలవాటు కూడ మిగిలినది. మన గట్టు అవతల ఏమి జరుగుచున్నదో మనకు అక్కరలేదు అనే అలవాటు అది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ గట్లలో కొన్ని తెగినవి. అన్నియు తెగలేదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినది. సుమారు పదివేల మంది చనిపోయారు. అప్పుడు కాసా వచ్చినది, రామకృష్ణ మిషను వచ్చినది, దేశ విదేశముల నుండి ఇంకా ఎన్నో సంస్థలు వచ్చినవి. ఉప్పెన ఎవరినీ మతము అడుగలేదు గనుక సహాయము చేసినవారును అడుగలేకపోయారు. ఆపద వచ్చినప్పుడు కలియుట మనకు తెలుసు. ఆపద లేని దినమున, అన్యాయము నెమ్మదిగా, కాగితముల మీద, సంవత్సరముల తరబడి జరుగుచున్నప్పుడు కలియుట మనకు తెలియదు. మేము చెప్పదలచినది ఈ రెండవదానిని గూర్చియే.

మన ప్రాంతము పెరుగుచున్నది. నాలుగు వరుసల రోడ్లు వచ్చినవి. మొన్నటివరకు బస్తాల లెక్కన మాట్లాడుకొన్న పొలమును ఇప్పుడు గజముల లెక్కన మాట్లాడుచున్నాము. పెరుగుట మంచిదే. కాని పెరుగుదల పట్టా ఉన్నవానితో ఒక విధముగాను, లేనివానితో ఒక విధముగాను మాట్లాడుతుంది. 2015లో అమరావతి కొరకు 29 గ్రామములలో భూసమీకరణ జరిగినప్పుడు, భూమి ఇచ్చిన రైతుకు ఏటేటా కౌలు, అభివృద్ధి చేసిన స్థలము ఇచ్చునట్లు ఏర్పాటైనది. ఆ భూములలో కూలి చేసుకొని బ్రదికే కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పాటైనది. ఆ ప్రణాళిక మంచి చెడ్డలు విచారించుట ఈ దినము మా పని కాదు. కాగితము లేనివాని నష్టమును లెక్కలోనికి తెచ్చుటకు ఎవరో ఒకరు నోరు తెరువవలెను అని మాత్రమే మా మనవి.

మా పరిచర్యలో ఒక గ్రామమును గూర్చి చెప్పెదము. పేరు అవసరము లేదు. ఆ పల్లెలో ఒకప్పుడు మూడు సంస్థలు పనిచేయుచుండెడివి. అందులో మాది ఒకటి. మూడింటికిని మూడు బోర్డులు, మూడు మహిళా సంఘములు, మూడు పుస్తకములు. విచారించగా ఆ మూడు సంఘములలోను ఉన్నది ఇంచుమించు ఒకే స్త్రీలు. సోమవారము ఒకరి మీటింగు, బుధవారము ఒకరిది, శుక్రవారము మాది. మేము ముగ్గురమును మా మా నివేదికలలో ఆ స్త్రీలను మా లెక్కలో వ్రాసుకొన్నాము. మాలో ఎవరమును అబద్ధమాడలేదు. అయితే ముగ్గురమును కలిసి ఒక అబద్ధము తయారు చేశాము.

ఆ దినములలోనే పల్లె శ్మశానము ప్రక్కన ఒక వెంచరు లేచినది. రాళ్లు పాతారు, ఎర్రమట్టి రోడ్డు వేశారు. ఒకనాడు చూడగా పాత సమాధులు నాలుగు రోడ్డు క్రిందికి పోయినవి. శుక్రవారము మీటింగులో మేము పొదుపును గూర్చి చెప్పుచుండగా ఒక విధవరాలు లేచి నిలిచి, మాతో వచ్చిన గురువుగారితో ఇట్లు అన్నది: "మూడు పుస్తకాల్లో ఏలుముద్దర ఏశాను అయ్యగారూ. రేపు నేను చస్తే నన్ను ఏ పుస్తకంలో పూడుస్తారు?"

మేము ఏమియు చెప్పలేకపోయాము. ఆ రాత్రి తిరిగి వచ్చునప్పుడు జీపులో ఎవరమును మాట్లాడలేదు. మరునాడు ఉదయము మిగిలిన రెండు సంస్థలవారి గుమ్మము తట్టాము. వ్యవసాయ కూలీల సంఘమువారి దగ్గరకు కూడ వెళ్లాము. వారి మాట సూటిగా ఉండెను. "మీరు ప్రార్థన చేసి వెళ్లిపోతారు, తరువాత కేసులు మా మీద పడతాయి" అన్నారు. వారి ఎర్ర జెండాను చూచి మాలో కొందరికి భయము, మా సిలువను చూచి వారిలో కొందరికి అనుమానము. ఐక్యత అనునది పాట పాడినంత సులభముగా రాదని ఆ వారమే తెలిసికొన్నాము.

మొదటి సమావేశము మన దేవాలయపు వరండాలో పెట్టాము. మంచి ఉద్దేశముతోనే పెట్టాము. కాని కాలువ గట్టున ఉండే యానాది కుటుంబములవారు వచ్చి మెట్ల దగ్గరనే కూర్చున్నారు. పైకి రమ్మన్నను రాలేదు. రెండవ సమావేశమును చింతచెట్టు క్రిందికి మార్చాము. మన సంఘములోని రెండు పల్లెలవారు ఒకే చాప మీద కూర్చొని ఒక విషయము మాట్లాడుట, బల్ల దగ్గర తప్ప, అదే మొదటిసారి అని ఒక పెద్ద తరువాత మాతో ఒప్పుకొన్నారు. ఈ మాట శతవార్షిక సంచికలో అచ్చువేయుట సిగ్గుగా ఉన్నది. అయినను వేయవలెననియే మా అభిప్రాయము.

అర్జీలో మొదటి వాక్యము దగ్గర మూడు గంటలు వాదన జరిగినది. "క్రైస్తవ శ్మశానము" అని మేము వ్రాసికొని వెళ్లాము. యానాదులకు చోటు లేదు, వారు కాలువ గట్టున పూడ్చుకొనుచున్నారు గనుక "పల్లెల ఉమ్మడి శ్మశానము" అని వ్రాయవలెనని కూలీల సంఘమువారు పట్టుబట్టారు. మన సంఘ పెద్ద ఒకరు లేచి, "ఇది మా తాతలను పూడ్చిన భూమి. ఉన్నదే తక్కువ. అందరినీ రానిస్తే మా పిల్లలకు చోటు ఎక్కడ?" అని అడిగారు. ఆ ప్రశ్నలో దురాశ లేదు, భయము ఉన్నది. దానిని త్రోసివేయలేదు. చివరకు ఆయనే, "సరే, వ్రాయండి. మనము ఒక్కరమే అడిగితే ఇన్నాళ్లు ఎవరు ఇచ్చారు గనుక" అని కూర్చున్నారు. అర్జీ క్రింద ఏ సంస్థ పేరును లేదు. పల్లెల పేర్లు, మనుష్యుల సంతకములు, వేలిముద్రలు మాత్రమే ఉన్నవి.

సమాచార హక్కు చట్టము 2005లో వచ్చినది. మన రాష్ట్ర నియమముల ప్రకారము గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు. ముప్పది దినములలో జవాబు ఇవ్వవలెను. ఆ అయిదు రూపాయలు కట్టి, శ్మశానము సర్వే నంబరు, అడంగలు, కొలతల పుస్తకము నకలు అడిగాము. ముప్పది దినములలో రాలేదు. అప్పీలు చేసిన తరువాత వచ్చినవి. రికార్డులో ఎకరము పది సెంట్లు ఉన్నది. నేల మీద డెబ్బది సెంట్లు కూడ లేదు. సర్వేయరు వచ్చిన దినమున పాత హద్దు చూపినది ఎవరు అనుకొన్నారు? "మా పిల్లలకు చోటు ఎక్కడ" అని అడిగిన ఆ పెద్దయే. చిన్ననాడు తండ్రితో వచ్చినప్పుడు చూచిన తాటిచెట్టు మొదలు ఆయనకు గుర్తున్నది.

పదకొండు నెలలు పట్టినది. తొంబది సెంట్లు దక్కినది; ఇరువది సెంట్లు రోడ్డు క్రిందనే ఉండిపోయినది. సంపూర్ణ విజయమని మేము చెప్పము. హద్దురాళ్లు నాటిన తరువాత అక్కడ జరిగిన మొదటి భూస్థాపన ఒక యానాది వృద్ధునిది. గోతి త్రవ్వినవారిలో మన యౌవన సమాజమువారు ఇద్దరు ఉన్నారు.

చిన్న పల్లెలో జరిగిన ఈ పని పెద్ద ఎత్తున జరుగగలదా అని మీరు అడుగవచ్చును. మన రాష్ట్రములోనే జరిగినది. గిరిజన ఉపప్రణాళిక 1974–75లోను, షెడ్యూల్డు కులముల ప్రత్యేక ప్రణాళిక 1979–80లోను మొదలైనవి. ప్రభుత్వము ప్రణాళిక క్రింద పెట్టు ఖర్చులో జనాభా నిష్పత్తి ప్రకారము వారికి రావలసిన వాటాను వేరుగా ఉంచవలెనని వాటి సారాంశము. ఎస్.ఆర్. శంకరన్, పి.ఎస్. కృష్ణన్ వంటి అధికారులు ఇందుకొరకు శ్రమపడ్డారు. కాని అది చట్టము కాదు, ఆదేశము మాత్రమే. ముప్పది సంవత్సరములు ఆ డబ్బు కాగితము మీద కనబడి, చేతికి రాకుండ పోయినది. కొంత ఖర్చు కాలేదు, కొంత వేరు పనులకు మళ్లినది. 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడల పనులకు ఈ పద్దు నుండి 700 కోట్ల రూపాయలకు పైగా మళ్లినట్లు, గృహ, భూమి హక్కుల కొరకు పనిచేయు సంస్థ ఒకటి సమాచార హక్కు ద్వారానే బయటపెట్టినది. ఆ మళ్లింపు మాట పార్లమెంటులోను వచ్చినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత సంఘములు, గిరిజన సంఘములు, వామపక్షములు, ఉద్యోగ సంఘములు, స్వచ్ఛంద సంస్థలు, ఆచార్యులు కలిసి అడిగినది ఒక్కటే: ఈ వాటాను చట్టము చేయండి. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న కాకి మాధవరావు, పాత్రికేయులు మల్లెపల్లి లక్ష్మయ్య వంటివారు లెక్కలు విప్పి చెప్పుచు ముందు నడిచారు. అప్పటి ఉపముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహ అధ్యక్షతన మంత్రివర్గ ఉపసంఘము ఏర్పడినది. 2012 డిసెంబరులో శాసనసభ ఆమోదించినది. 2013 జనవరిలో చట్టము అమలులోనికి వచ్చినది. ఆ ఏడే కర్ణాటక మన వెనుక నడిచినది. ఆంధ్రప్రదేశ్‌లో పది సంవత్సరముల గడువు తీరుచుండగా 2023 జనవరిలో దానిని మరి పది సంవత్సరములు పొడిగించారు. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరున తన చట్టము చేసికొన్నది. ఒకరినొకరు ఎన్నికలలో ఓడించుకొనువారు, వేదిక మీద ఒకరి ప్రక్క ఒకరు కూర్చొనుటకు ఇష్టపడనివారు ఒక్క పద్దు కొరకు కలిశారు. గోడ ఒక్కటే అనుటకు ఇంతకంటె సాక్ష్యము ఏమి కావలెను?

ఇక మన ఇంటి మాట చెప్పవలెను. ఆ ఉద్యమమునకు సంతకములు సేకరించుటకు మేము సంఘములకు వెళ్లినప్పుడు ఒక ప్రశ్న అన్ని చోట్ల ఎదురైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు మాత్రమే పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది. క్రైస్తవులకు లేదు; ఈ రాష్ట్రములో మనవారు వెనుకబడిన తరగతులలో సి గ్రూపులో ఉన్నారు. 2004లో ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరినది. "మనకు రాని వాటా కొరకు మనము ఎందుకు తిరుగవలెను?" అని మన యౌవనస్థులు అడిగారు. కోపముతో అడిగారు, కన్నీటితోను అడిగారు. ఆ కోపము న్యాయమైనది.

మేము ఇచ్చిన జవాబు వారికి పూర్తిగా తృప్తి కలిగించినదని చెప్పలేము. ఆ జవాబు ఇది. మన హక్కు కొరకు మనము అడుగుట మానము. కాని పొరుగువాని హక్కు మన హక్కుకు వాయిదా కారాదు. ఆ పద్దుతో పల్లెకు రోడ్డు పడితే, దాని మీద నడిచేది ఒకే పల్లె. ఒకే యింటిలో అన్న పేరు ఒక జాబితాలో, తమ్ముని పేరు ఒక జాబితాలో ఉన్నను, ఎండకాలములో ఇద్దరి బిందెలును ఒకే పంపు దగ్గర నిలుస్తవి. తనకు వాటా లేని పనికి భుజము ఇచ్చువాడు, తన పని వచ్చినప్పుడు నలుగురిని పిలువగలడు. కొందరు సంతకము చేశారు. కొందరు చేయలేదు. చేయనివారిని మేము తెకోవ ఘనులతో పోల్చము. వారి మెడలు అప్పటికే బరువుతో వంగి ఉన్నవి.

కలిసి పనిచేయుటలో మేము నేర్చుకొన్నవి కొన్ని. మొదటిది, డబ్బు. విదేశీ నిధుల చట్టమునకు 2020లో వచ్చిన సవరణ తరువాత, ఒక సంస్థకు వచ్చిన విదేశీ ధనమును మరియొక సంస్థకు ఇచ్చుటకు వీలు లేదు. పెద్ద సంస్థ డబ్బు తెచ్చి చిన్న సంస్థలకు పంచి, దానినే ఐక్య వేదిక అని పిలిచిన కాలము గడిచిపోయినది. దీనివలన చిన్న సంస్థలకు నిజముగా కష్టము కలిగినది. అయితే మన అవ్వలు, అమ్మలు అన్నము వండునప్పుడు పిడికెడు బియ్యము తీసి ప్రభువు కొరకు కుండలో వేసేవారు. ఆ కుండలతోనే ఎందరు ఉపదేశకుల జీతములు నడిచినవో మీకు తెలుసు. శ్మశానము పనికి అయిన ఖర్చంతయు ఇంటికి ఇరువది రూపాయల చొప్పున లేచినది. లెక్క చింతచెట్టు క్రింద చదివి వినిపించాము. డబ్బు పల్లెది గనుక అధికారము కూడ పల్లెదైనది.

రెండవది, మాట ఎవరిది ముందు అనునది. చదువుకొన్నవారము మేము ముందు మాట్లాడితే సమావేశము అరగంటలో ముగుస్తుంది, పని ముగియదు. అన్నిటికంటె తక్కువ ఉన్నవారు ముందు మాట్లాడవలెనని నియమము పెట్టుకొన్నాము. మూడవది, పేరు. పత్రికలో ఎవరి ఫొటో వచ్చినది అను దగ్గర మేము చూచిన రెండు వేదికలు చీలిపోయినవి. పేరు దగ్గర చీలినది మళ్లీ అతుకుట కష్టము.

కాబట్టి నూట ఒకటవ సంవత్సరమునకు మా మనవులు మూడు. ప్రతి పాస్టరేటులో ఇద్దరు, ఒక స్త్రీ, ఒక యౌవనస్థుడు, సమాచార హక్కు దరఖాస్తు వ్రాయుటయు, బడ్జెటు పద్దు చదువుటయు నేర్చుకొందురు గాక. ప్రతి పల్లె తన శ్మశానము, తన దారి, తన చెరువు సర్వే నంబర్లను వ్రాసి సంఘ రిజిస్టరులో భద్రపరచుకొనును గాక. మన దేవాలయ ఆవరణలు వారమునకు ఒక సాయంకాలము ఊరి అందరి సమావేశమునకు తెరువబడును గాక. వారు మెట్ల దగ్గర ఆగిపోతే మనమే చెట్టు క్రిందికి దిగుదుము గాక.

నెహెమ్యా గ్రంథములో గోడ పని మధ్యలో అయిదవ అధ్యాయము వస్తుంది. పొలములు తాకట్టు పెట్టి, బిడ్డలను దాస్యమునకు అప్పగించిన బీదల మొఱ్ఱ అక్కడ వినబడుతుంది. గోడ పని తొందరలో ఉన్నను నెహెమ్యా ఆ మొఱ్ఱను ప్రక్కన పెట్టలేదు. అప్పులవారిని పిలిచి, తీసికొన్నది తిరిగి ఇప్పించాడు. తరువాతనే గోడ పూర్తియైనది. మనము కూడ నూరు సంవత్సరముల గోడ ఎదుట నిలిచి ఉన్నాము. గోడ బాగున్నది. మొఱ్ఱ ఇంకను వినబడుచున్నది. ఆ విధవరాలు ఇంకను జీవించి యున్నది. శుక్రవారము మీటింగుకు వచ్చుచున్నది. ఇప్పుడు అక్కడ పుస్తకము ఒక్కటే.